డ్రిల్లు నుండి ఆట వరకు: క్రైస్తవ కళాశాలలో వ్యాయామోపాధ్యాయ శిక్షణ – పాలమూరు నుండి ఒక పరిశీలన

మన తెలుగు సంఘాలలో యౌవనస్థుల కూటం జరుగుతున్నప్పుడు ఆటల ప్రస్తావన వస్తే చాలు, పెద్దలలో ఎవరో ఒకరు లేచి 1 తిమోతి 4:8 తీస్తారు. శరీర సాధకము వల్ల ప్రయోజనం కొంచెమేనని పౌలు తిమోతికి వ్రాసిన మాట అది. అంతటితో వాలీబాల్ నెట్టు విప్పేస్తారు. నేను కూడా పరిచర్యలో మొదటి పదేళ్ళు ఈ వచనాన్ని ఇలాగే వాడినవాడినే. అయితే ఈ వచనాన్ని నాకంటే ఎక్కువసార్లు చదివిన క్రైస్తవులు కొందరు దక్షిణ భారతదేశంలో ఒక కళాశాల పెట్టి, వ్యాయామోపాధ్యాయులను తయారుచేయడమే తమ పరిచర్య అనుకున్నారు. ఆ కళాశాల మద్రాసులోనిది. దాని నీడ మహబూబ్‌నగర్ వంటి మారుమూల జిల్లా బడులమీద కూడా పడింది. మన మిషన్ చరిత్రలలో సువార్తికుల గురించి, బైబిలు స్త్రీల గురించి, నర్సుల గురించి పేజీలకు పేజీలు ఉన్నాయి. డ్రిల్లు సారు గురించి మాత్రం ఒక పేరా దొరకడం కష్టం. ఆ లోటు కొంతైనా తీర్చడానికి ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

కవాతు కాలం

మన ప్రాంతంలో పాతవారు వ్యాయామ పీరియడును 'కవాతు' అనేవారు. ఈ మాట ఉర్దూ నుండి వచ్చింది, సైన్యపు మాట. ఇంగ్లీషు 'డ్రిల్లు' కూడా అటువంటిదే. పందొమ్మిదవ శతాబ్దం చివర, ఇరవయ్యవ శతాబ్దం మొదట మన దేశంలోని బడులలో వ్యాయామం నేర్పినవారు ఎక్కువగా సైన్యం నుండి పదవీ విరమణ చేసి వచ్చిన హవల్దార్లే. పిల్లలను వరుసలో నిలబెట్టడం, ఎడమ కుడి అనిపించడం, తప్పు చేస్తే బెత్తం వాడడం వారికి తెలిసిన బోధన. పిల్లవాని ఎదుగుదల ఎలా ఉంటుంది, ఏ వయస్సుకు ఏ వ్యాయామం తగును అనే ప్రశ్న వారి ముందుకు రానేలేదు. వారిని తప్పుపట్టడం కూడా న్యాయం కాదు, వారికి ఎవరూ నేర్పలేదు.

శిక్షణ అసలే లేదని కాదు. మద్రాసు సైదాపేటలో ప్రభుత్వ ఉపాధ్యాయ శిక్షణ కళాశాల ఉండేది. వీరఘట్టంలో పుట్టి 'కలియుగ భీముడు'గా పేరుపొందిన కోడి రామమూర్తి నాయుడు గారు (మరణం 1942) సైదాపేటలోనే ఒక సంవత్సరం వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో తాను చదివిన బడిలోనే వ్యాయామోపాధ్యాయుడయ్యారు. రొమ్ముమీద ఏనుగును ఎక్కించుకున్న వానిగానే ఆయన తెలుగువారికి జ్ఞాపకం. ఆయన మొదట ఒక బడిపంతులు అన్న సంగతి చాలామందికి తెలియదు. మన ఊళ్ళలో తాలింఖానాలు కూడా ఉండేవి. దండీలు, బస్కీలు, కుస్తీ, కర్రసాము అక్కడ నేర్చుకునేవారు. పిల్లలకు చిర్రగోనె, చెడుగుడు, గోటీలు ఎవరూ నేర్పకుండానే వచ్చేవి. వీటికి బడి లోపల చోటు లేదు. బడిలో కవాతు, బయట ఆట.

ఇక్కడ మన మెనోనైట్ సంఘాల వారు ఒక విషయం గమనించాలి. రష్యా నుండి అబ్రాహాము ఫ్రీసెన్ గారు 1889లో వచ్చి అమెరికన్ బాప్టిస్టులతో కలిసి నల్గొండలో పనిచేశారు. అమెరికా నుండి మెనోనైట్ బ్రదరన్ మిషనెరీ ఎన్.ఎన్. హీబర్ట్ గారు 1899లో హైదరాబాదు సంస్థానానికి వచ్చారు. తరువాత నాగర్‌కర్నూలు, వనపర్తి, దేవరకొండ వంటి చోట్ల స్టేషన్లు ఏర్పడ్డాయి. మహబూబ్‌నగర్‌లో ముందునుండి ఉన్నది బాప్టిస్టులు. అప్పటి పేరు పాలమూరు. అక్కడ ఎల్బర్ట్ ఛూట్ గారు పనిచేశారు. ఆ క్షేత్రం 1937లో మెనోనైట్ బ్రదరన్ మిషన్ చేతికి వచ్చింది. ఈ మెనోనైట్లు ఎవరు? ఆయుధం పట్టరాదని నమ్మినవారు. నిర్బంధ సైనికసేవ తప్పించుకోవడానికి 1874 నుండి వేలాదిగా రష్యా వదలి అమెరికా వెళ్ళినవారు. అటువంటివారు పెట్టిన బడులలో పిల్లలకు వ్యాయామం అంటే సైనికుల కవాతు! నాకు తెలిసినంతలో ఈ వైరుధ్యాన్ని గురించి మన చరిత్రకారులెవరూ వ్రాయలేదు. సిపాయి కవాతు లేకుండా పిల్లలకు శరీరశిక్షణ ఇవ్వడం సాధ్యమేనా? దీనికి జవాబు మెనోనైట్ల దగ్గర నుండి కాక వై.ఎం.సి.ఏ. దగ్గర నుండి వచ్చింది.

పీఠం వదలిన వేదాంత విద్యార్థి

వై.ఎం.సి.ఏ. శిక్షణశాల అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డులో ఉండేది. లూథర్ గ్యూలిక్ గారు శరీరము, మనస్సు, ఆత్మ అను మూడింటికి గురుతుగా త్రిభుజాన్ని అక్కడే రూపొందించారు. వై.ఎం.సి.ఏ. చిహ్నంలో నేటికీ మనం చూచేది అదే. యేసు బాల్యమును గురించి లూకా 2:52లో చెప్పబడిన ఎదుగుదలను వారు తమ ఆదర్శంగా తీసుకున్నారు. జ్ఞానములో, వయస్సులో, దేవుని దయలో, మనుష్యుల దయలో ఎదుగుట. ఇందులో శరీరం ఉన్నదని మనం ప్రసంగాలలో తరచుగా దాటిపోతాం.

కెనడాకు చెందిన జేమ్స్ నైస్మిత్ గారు మాంట్రియల్‌లో వేదాంతం చదివి, పుల్పిట్ వైపు పోకుండా స్ప్రింగ్‌ఫీల్డు వెళ్ళారు. వ్యాయామశాల సాతాను వల అని చాలామంది భక్తులు అనుకునే రోజులవి. చలికాలంలో లోపల ఆడుకోవడానికి ఒక ఆట కావాలని అడిగితే, 1891 డిసెంబరులో రెండు పీచుపండ్ల బుట్టలు గోడకు కొట్టించి బాస్కెట్‌బాల్ మొదలుపెట్టారు. నాలుగేళ్ళకు, 1895లో, మరొక వై.ఎం.సి.ఏ. ఉద్యోగి విలియం మోర్గన్ గారు వాలీబాల్ రూపొందించారు. మన పల్లెల్లో క్రిస్మస్ సెలవుల్లో చర్చి పక్కన కట్టే నెట్టు ఎవరు ఇచ్చిందో ఇప్పుడు అర్థమైంది కదా. దానిని విప్పేయమన్న పెద్దలు (వారిలో నేనూ ఉన్నాను) ఈ సంగతి ఎరుగరు.

స్ప్రింగ్‌ఫీల్డులో చదివిన హ్యారీ క్రో బక్ గారు 1919లో మద్రాసు వచ్చారు. అప్పటికి భారతదేశపు వై.ఎం.సి.ఏ.కు జాతీయ ప్రధాన కార్యదర్శి కె.టి. పాల్ గారు. ఆ పదవికి వచ్చిన మొదటి భారతీయుడు ఆయనే. బక్ గారు 1920లో ఐదుగురు విద్యార్థులతో వ్యాయామ శిక్షణశాల మొదలుపెట్టారు. తరువాత అది సైదాపేటలో విశాలమైన ఆవరణలోకి మారింది. నేడు చెన్నై నందనంలో ఉన్న వై.ఎం.సి.ఏ. వ్యాయామ విద్యా కళాశాల అదే. ఆసియాలో ఇటువంటి కళాశాలల్లో మొదటిదని దానికి పేరు.

ఐదుగురితో మొదలైన పని అని చిన్నచూపు చూడరాదు. బక్ గారు చేసిన ముఖ్యమైన మార్పు ఏమిటంటే, వ్యాయామం నేర్పేవాడు ముందు ఉపాధ్యాయుడు కావాలన్నారు. శరీర నిర్మాణశాస్త్రం, శరీర ధర్మశాస్త్రం, ఆరోగ్యశాస్త్రం, ప్రథమ చికిత్స, బోధనాపద్ధతులు చదివిన తరువాతే ఈల మెడలో వేసుకోవాలి. హవల్దారు చేతి బెత్తం స్థానంలో ఈల వచ్చింది. వరుస స్థానంలో జట్టు వచ్చింది. ఆజ్ఞ స్థానంలో నియమం వచ్చింది. ఆజ్ఞ ఇచ్చేవాడు ఒక్కడే. ఆట నియమానికి మాత్రం రిఫరీ కూడా లోబడాలి. ఆయుధం పట్టనివారికి ఇంతకంటే తగిన వ్యాయామం ఏముంటుంది?

విదేశీ ఆటలను తెచ్చి మనమీద రుద్దాడని ఆయనమీద విమర్శ ఉన్నది. అందులో కొంత నిజం ఉన్నది. వై.ఎం.సి.ఏ. వారికి తమ ఆటలే నాగరికమన్న భావం లేకపోలేదు. కాని బక్ గారు ఏ ఒక్క పద్ధతినో పట్టుకొని వేలాడలేదు. స్వీడన్ వ్యాయామం, అమెరికా ఆటలతోపాటు మన దండీలు, బస్కీలు, చెడుగుడు వంటివి కూడా శిక్షణలోకి తీసుకున్నారు. తాలింఖానాలో ఉన్నది, వీధిలో ఉన్నది బడిలోకి రావడానికి ఇదొక దారి అయింది.

పారిస్‌లో 1924లో జరిగిన ఒలింపిక్స్‌కు భారత అథ్లెట్ల వెంట శిక్షకుడుగా వెళ్ళింది కూడా ఈ బక్ గారే. ఆదివారం పరుగెత్తనని 100 మీటర్ల పందెం వదులుకొని, 400 మీటర్లలో స్వర్ణం గెలిచిన ఎరిక్ లిడెల్ గారి కథ మన సండేస్కూలు పిల్లలకందరికీ తెలుసు. అది జరిగింది ఆ పోటీలలోనే. అదే పోటీలలో హైదరాబాదుకు చెందిన ఎస్.ఎం. హాదీ గారు మన దేశం తరఫున టెన్నిస్ ఆడారు. రంజీ ట్రోఫీలో మొదటి శతకం చేసింది కూడా ఆయనే. 1927లో భారత ఒలింపిక్ సంఘం ఏర్పడినప్పుడు దొరాబ్జీ టాటా గారు అధ్యక్షులు, వై.ఎం.సి.ఏ.కు చెందిన నోరెన్ గారు కార్యదర్శి. దానికి పునాది వేసినవారిలో బక్ గారు ఒకరు. ఆయన 1943లో మరణించారు.

తోలు బంతి

ఆట అంటే బంతి, బంతి అంటే ఆ రోజుల్లో తోలు. ఇక్కడ ఒక సంగతి చెప్పకుండా ముందుకు పోలేను.

1891లో శ్రీనగర్ మిషన్ బడిలో టిండేల్ బిస్కో అనే మిషనెరీ మొదటిసారి ఫుట్‌బాల్ తెచ్చారు. అది తోలుతో చేసినదని తెలిసి బ్రాహ్మణ విద్యార్థులు ముట్టము అన్నారు. ఆయన కర్రలు పట్టిన ఉపాధ్యాయులను చుట్టూ నిలబెట్టి బలవంతంగా ఆడించారు. ఈ సంఘటనను చాలా పుస్తకాలలో విజయగాథలాగా చెబుతారు. నాకు అలా అనిపించదు. కర్రతో ఆడించినది ఆట కాదు, అది మరల కవాతే. ఆ పిల్లవాడు బంతిని తన్నాడు గాని దానిని కుట్టిన చేతిని గౌరవించడం నేర్చుకున్నాడా?

మా తాతలు తోలు పని చేసినవాళ్ళు. పాలమూరు పల్లెల్లో మోటబావికి తోలు బొక్కెన కావాలన్నా, కాలికి చెప్పు కావాలన్నా మా వాడకే రావాలి. కావలసినది తీసుకున్నాక మమ్మల్ని మాత్రం ముట్టరాదు. మన సంఘాలలో అత్యధికులు ఈ వాడల నుండి వచ్చినవారేనని ఈ పత్రిక పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. అందుచేత మిషన్ ఆవరణలోని ఆటస్థలం మాకు కేవలం ఆటస్థలం కాదు. చెడుగుడు ఆడాలంటే ఒకరినొకరు ముట్టక తప్పదు. ఊరిలో ఎక్కడా సాధ్యం కానిది అక్కడ ఒక గీత లోపల సాధ్యమయ్యేది. ముట్టడమే ఆ ఆటకు నియమం. వేదాంత కళాశాలల్లో సహవాసమును గురించి చాలా వ్యాసాలు చదివాను, చెడుగుడు గీతను గురించి ఒక్కటీ చదవలేదు. అయితే అతిశయోక్తి వద్దు. మిషన్ బడిలో ఎక్కువగా ఉన్నది మన పిల్లలే కాబట్టి ఆ గీత లోపలికి ఇతరులు వచ్చిన సందర్భాలు తక్కువ. వచ్చినవారు ఇంటికి వెళ్ళి స్నానం చేసేవారని మా నాయన చెప్పేవాడు.

హైదరాబాదు సంస్థానంలో

నిజాం ప్రభుత్వం కూడా వ్యాయామ విద్యను నిర్లక్ష్యం చేయలేదు. హైదరాబాదులో ప్రభుత్వ వ్యాయామ విద్యా కళాశాల 1931లో వచ్చింది. దోమలగూడలోని కళాశాల అది. మరుసటి సంవత్సరం, 1932లో, లక్నోలో క్రైస్తవ వ్యాయామ విద్యా కళాశాల వచ్చింది. అంటే మద్రాసులో నాటిన విత్తనం పన్నెండేళ్ళలో రెండుచోట్ల మొలిచిందన్నమాట. బక్ గారి శిష్యులలో ప్రసిద్ధులైన పి.ఎం. జోసెఫ్ గారు 1957లో గ్వాలియర్‌లో ప్రారంభమైన లక్ష్మీబాయి కళాశాలకు మొదటి ప్రిన్సిపాలు అయ్యారు. ఒక క్రైస్తవ సంస్థ చేసిన ప్రయోగం ఈ విధంగా జాతి సొత్తయింది.

హైదరాబాదు బడిపంతుళ్ళలో ఎస్.ఎ. రహీమ్ గారిని తలచుకోకపోతే ఈ చరిత్రకు అన్యాయం. ఆయన క్రైస్తవుడు కాదు, వై.ఎం.సి.ఏ. మనిషీ కాదు. కాచిగూడ, చాదర్‌ఘాట్ వంటి చోట్ల బడులలో పంతులుగా పనిచేస్తూ వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, బడి ఆటల బాధ్యత తీసుకున్నారు. అటువంటి పంతులు శిక్షణలో భారత ఫుట్‌బాల్ జట్టు 1951, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణాలు గెలిచింది, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానంలో నిలిచింది. వ్యాయామోపాధ్యాయుని పని ఎంత దూరం పోగలదో దీనినిబట్టి తెలుస్తుంది.

మహిళల సంగతి ఆలస్యంగా వచ్చింది. మద్రాసు కళాశాలలో స్త్రీలను చేర్చుకున్నది 1940లో. స్థాపించిన ఇరవై ఏళ్ళకు! మన మిషన్ క్షేత్రంలో అప్పటికే డాక్టరు కాథరీనా షెలెన్‌బర్గ్ గారు 1907 నుండి వైద్యసేవ చేస్తున్నారు. శంషాబాదు ఆసుపత్రిలో 1945లో చనిపోయేవరకు చేశారు. స్త్రీ శరీరానికి వైద్యం అవసరమని మిషన్ త్వరగా గ్రహించింది. దానికి ఆట కూడా అవసరమని గ్రహించలేదు. ఈ రోజుకూ మన సంఘాలలో ఎంతమంది గ్రహించారో నాకు అనుమానమే.

పస్తున్నవానికి వ్యాయామమా?

బక్ గారి పద్ధతిని పాలమూరు నేలమీద నిలబెట్టి చూచినప్పుడు ఒక గట్టి ప్రశ్న ఎదురవుతుంది. వ్యాయామ విద్య పుట్టినది కూర్చుని పనిచేసే పట్టణవాసుల మధ్య. గుమాస్తాల శరీరాలకు కదలిక కావాలి. మా జిల్లాలో శరీరానికి కదలిక తక్కువైన రోజు ఏనాడు? ఆనకట్టలు, కాలువలు, రోడ్లు ఎక్కడ కట్టినా మట్టి మోసింది పాలమూరు కూలీలే. మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి లారీలో ఎక్కిస్తే పిల్లలు కూడా వెంట పోయేవారు. పక్క జిల్లా నల్గొండలో మరొక దుఃఖం. మర్రిగూడ వంటి మండలాలలో నీటిలోని ఫ్లోరైడు వల్ల పిల్లల కాళ్ళు వంకరపోయాయి, పెద్దల వెన్నులు బిగుసుకుపోయాయి. అటువంటి పిల్లవానిని 'సావధాన్' అని నిటారుగా నిలబడమంటే ఎలా నిలబడతాడు? దిగుడుబావి నీళ్ళు త్రాగి కాలిలో నారికురుపు లేచినవాడు పరుగెత్తగలడా? ఆ వ్యాధి మన దేశంలో 1996తో ఆగిపోయింది, 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. అంతకు ముందు తరాల సంగతి వేరు.

ఈ కారణం చేతనే 'ఆరోగ్య, వ్యాయామ విద్య' అనే జంటపేరు నాకు చాలా ముఖ్యంగా తోస్తుంది. ఆరోగ్యం లేకుండా వ్యాయామాన్ని మాత్రమే తెస్తే అది మన పిల్లలమీద మరొక కూలిపని. రెండూ కలిపి నేర్చినవాడు ముందు పిల్లవాని కన్ను, గోరు, చర్మం చూస్తాడు. త్రాగేనీరు అడుగుతాడు. ఆ తరువాతే ఈల ఊదుతాడు.

1 తిమోతి 4:8 దగ్గరకు మరల వస్తాను. గ్రీకులో అక్కడ ఉన్న మాట 'గుమ్నసియ'. పౌలు 'కొంచెము' అన్నచోట ఉన్న పదబంధానికి 'కొద్ది కాలానికి' అనే అర్థం కూడా చెప్పవచ్చు. భక్తి రాబోవు జీవానికి కూడా పనికివస్తుంది, శరీర సాధన ఈ జీవానికి పనికివస్తుంది అన్న పోలిక అది. పనికిరాదన్న తీర్పు కాదు. పైగా సందర్భం చూడండి. అయిదు వచనాల పైన పౌలు ఖండిస్తున్నది పెండ్లి వద్దని, కొన్ని ఆహారాలు తినరాదని చెప్పి శరీరాన్ని తృణీకరించే బోధకులను. తరువాతి అధ్యాయంలోనే తిమోతి కడుపు జబ్బుకు సలహా చెబుతాడు (5:23). ఇస్త్మియా క్రీడలు రెండేళ్ళకొకసారి జరిగే కొరింథు ప్రాంతానికి వ్రాసేటప్పుడు పరుగుపందెగాని పోలికను, ముష్టియుద్ధం పోలికను ఆయనే వాడాడు (1 కొరింథీ 9:24-27). ఆటస్థలం ఎరుగనివాడు అలా వ్రాయలేడు.

ఒక డ్రిల్లు సారు

నేను చదివిన హాస్టలు బడిలో, 1980ల మొదట్లో, పదవీ విరమణకు దగ్గరపడిన ఒక వ్యాయామోపాధ్యాయుడు ఉండేవారు. మద్రాసులో శిక్షణ పొందినవారు. మాకు ఆయన డ్రిల్లు సారు మాత్రమే. ఉదయం ఆరున్నరకు వరుసలో నిలబెట్టి మొదట చేతులు చాపమనేవారు. గోళ్ళు చూచేవారు, కంటి రెప్ప కిందికి లాగి చూచేవారు. తరువాత ఒక్కొక్కరిని అడిగేవారు.

"రాత్రి ఏం తిన్నవ్ ర?"

"గట్క తిన్న సార్."

"నువ్వు?"

ఆ రెండవవాడు తలవంచుకునేవాడు. సెలవుల నుండి ఆ వేకువనే తిరిగి వచ్చినవాడు, ఇంట్లో పొయ్యి వెలగలేదు. అటువంటివారిని ఆయన పక్కకు తీసి "మీరు స్కోరు రాయండ్రి" అనేవారు. స్కోరు వ్రాయడం గౌరవమైన పని అనుకొని మేము వారిమీద అసూయపడేవాళ్ళం. పలక పట్టుకున్నవానికి చాయ, రొట్టె ఎందుకు వస్తున్నాయో నాకు పాస్టరునయ్యాక గాని తెలియలేదు. ఆ ఖర్చు బడి లెక్కల్లో లేదట, ఆయన జీతంలోనిది.

ఆయన వెళ్ళిపోయాక ఆ పోస్టు చాలాకాలం ఖాళీగా ఉన్నది. డ్రిల్లు పీరియడు లెక్కలసారుకు ఇచ్చారు. ఇది ఒక్క బడి కథ కాదు. మన సంఘాల ఆధ్వర్యంలోని అనేక బడులలో వ్యాయామోపాధ్యాయుని నియామకం అన్నిటికంటే చివరిది, ఆటస్థలం అమ్మకానికి అన్నిటికంటే ముందుది. రోడ్డు వైపు ఉన్న ఆటస్థలాలు దుకాణాల సముదాయాలయ్యాయి. అద్దె ఎవరి ఖాతాకు పోతున్నదో అడిగినవారు కోర్టుల చుట్టూ తిరుగుతున్నారు. ఇటు చదువుల వైపు చూస్తే, 1993 నాటి చట్టం ద్వారా ఏర్పడిన జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనలతో బి.పి.ఇడి.ని రెండేళ్ళ కోర్సు చేసింది. మన సంఘాల నుండి ఆ కోర్సుకు పోయే అమ్మాయిలు, అబ్బాయిలు ఉన్నారు. వారు ఉద్యోగం వెదుక్కుంటూ కార్పొరేటు బడులకు పోతున్నారు. అక్కడ కూడా వారి పీరియడు పరీక్షల ముందు ఐఐటి ఫౌండేషన్‌కు పోతుంది.

గత సంవత్సరం మా మండలంలోని ఒక అమ్మాయి బి.పి.ఇడి.లో చేరతానని, సిఫారసు ఉత్తరం కావాలని వచ్చింది. వాళ్ళ నాయన బొంబాయిలో మట్టిపని చేస్తాడు. "అయ్యగారూ, నర్సింగ్ అయితే సంఘం సాయం చేస్తదట గద, దీనికి చెయ్యదా?" అని అడిగింది. సంఘ కమిటీ ముందు పెట్టాను. నర్సింగ్, బైబిలు ట్రైనింగ్ మాత్రమే పరిచర్య కిందికి వస్తాయని, స్కాలర్‌షిప్పు నిబంధనల్లో వ్యాయామ విద్య లేదని అన్నారు. నిబంధన సవరించమని తీర్మానం వ్రాసి ఇచ్చాను, వచ్చే సర్వసభ్య సమావేశం ఎజెండాలో అది పదకొండవ అంశం. ఆ అమ్మాయి ఈలోగా కాలేజీలో చేరింది. మొదటి సెమిస్టరు ఫీజు వాళ్ళ అమ్మ మేకలు అమ్మి కట్టింది.